చుక్కావు పలుపు

నంద్యాల,
27 జూన్ 1977

అక్కా, వందనాలు.

ముందు అందరి క్షేమం రాసేస్తాను. లేకపోతే నువ్వు ఉత్తరమంతా వదిలేసి దానికోసమే వెతుక్కుంటావు. నాకు మోకాలి నొప్పి తగ్గింది. నీ మరదలు మరియమ్మకు దగ్గు పోయింది. మా అబ్బాయి జకరయ్యకు డోన్‌లో రైల్వే డ్యూటీలు కుదురుకున్నాయి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారే బండికి పోతున్నాడు. నీ కూతురు, మా కోడలు లూదియా బాగుంది, కాస్త చిక్కింది. ఎండలకు అందరం చిక్కాం.

ఇక అసలు సంగతి. కొత్త హెడ్మాస్టరు గారు వచ్చీరాగానే ప్రతి మాస్టరూ తరగతి గోడకు ఒక పెద్ద అట్ట తయారుచేయాలన్నారు. లెక్కల మాస్టరు ఎక్కాలు రాసి చేతులు దులుపుకున్నాడు. ఇంగ్లీషు నాది కాబట్టి జంతువుల ఆడామగా పేర్లు తీసుకున్నాను. చిన్న పని అనుకున్నాను గానీ, అక్కా, ఈ ఇంగ్లీషువాళ్లకు పేర్ల పిచ్చి అంతా ఇంతా కాదు. గుర్రమంటే హార్స్. మగది స్టాలియన్, ఆడది మేర్. మగపిల్ల కోల్ట్, ఆడపిల్ల ఫిలీ. విత్తులు నొక్కించినదానికి గెల్డింగ్ అని ఇంకో పేరు. బాతులో ఆడది డక్, మగది డ్రేక్. నక్కలో కూడా ఆడదానికి విక్సెన్ అని వేరే మాట ఉంది. ఆడకుక్కకూ ఒకటుంది గానీ ఇంగ్లీషులో అది తిట్టు. ఆడపిల్లలు చదివే తరగతి గోడమీద అది వద్దు, ఆ గడి ఖాళీగా వదిలేయమని హెడ్మాస్టరు గారు అన్నారు.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒక్క ఇంగ్లీషు కాకుండా పక్కనే తెలుగు, ఉర్దూ, కన్నడం కూడా పెడితే పిల్లలకు నాలుగు భాషల తేడా తెలుస్తుంది. కన్నడం మా బళ్లారి మాస్టరు చెబుతాడు. ఉర్దూ మాటలు మీ పశువుల వ్యాపారి ఖాదర్ బాషాను అడుగు. తెలుగు నువ్వే చెప్పాలి. నేను పదేళ్లకే బోర్డింగుకు వచ్చినవాణ్ణి, నాకు ఆవూ ఎద్దూ తప్ప ఏం తెలుసు?

అట్టమీద ఆరు గడులు గీశాను. ఏడోది నా సొంతం. లూదియా పెళ్లినాడు నువ్వు తోలిచ్చిన చుక్క ఉంది కదా, పెయ్యగా వచ్చి ఐదేళ్లయినా ఒక్క ఈత కూడా ఈనలేదు. దాన్ని చూస్తుంటే తట్టింది: ఈనని ఆవుకు ఏ భాషలో ఏమంటారు? వారం రోజులుగా అన్నం దగ్గర అందరినీ అడుగుతున్నాను. మరియమ్మ వినపడనట్టు లేచిపోయింది. జకరయ్య మజ్జిగ మీద మజ్జిగ పోసుకున్నాడు. లూదియా తల ఎత్తలేదు. ఇంట్లో ఇంతమంది చదువుకున్నవాళ్లకు తెలియకపోతే ఇక నువ్వే దిక్కు. తొందరగా రాయి.

నీ తమ్ముడు,
నతానియేలు


ఆళ్లగడ్డ,
9 జూలై 1977

తమ్ముడికి అక్క సువార్తమ్మ దీవెనలు.

నీ ఉత్తరం పాలు పోసి వచ్చి చదివాను. నలభై ఏళ్లు చదువుకుని చివరికి గొడ్లు కాసే అక్క దగ్గరికి పాఠానికి వచ్చావు. సంతోషం. చేతులు కట్టుకుని విను.

ఆవు కడుపునుంచి పడిన రోజున అది లేగ. నాలుగు గడ్డిపోచలు నమిలితే దూడ. ఆడదైతే పెయ్య, మగదైతే కోడె. కోడెను నొక్కించి కాడి కడితే ఎద్దు, నొక్కించకుండా ఊరిమీదికి వదిలితే ఆబోతు. ఎనుముకు పుట్టిన ఆడది పడ్డ, మగది దున్న. పాలిస్తుంటే పాడావు, కడుపుతో ఉంటే చూడావు, పాలు నిలిచిపోతే వట్టిపోయిన ఆవు. గొర్రెలో మగది పొట్టేలు, మేకలో మగది పోతు, కోడిలో పుంజూ పెట్టా. నీ ఇంగ్లీషువాడి గడులన్నీ నిండి ఇంకా మిగులుతాయి చూసుకో.

ఇంకొకటి గమనించావా? ఆవులు అంటాం, గొర్రెలు అంటాం, ఎనుములు అంటాం. మందలో నాలుగు మగవి ఉన్నా పేరు మాత్రం ఆడదానిదే. పాలూ పిల్లా ఇచ్చేది అదే కాబట్టి జాతికంతా దాని పేరే నిలిచింది. నక్కలో ఏది ఆడదో ఏది మగదో మనకెందుకు, మనమేం పాలు పిండుతామా? వాళ్లు దాన్ని వేటాడతారేమో, అందుకే పేరు పెట్టుకున్నారు. ఎవరికి దేనితో పని ఉంటే దానికే పేర్లు. ఇది నీ అట్టమీద రాయి, హెడ్మాస్టరు మెచ్చుకుంటాడు.

ఖాదర్ బాషాను అడిగాను. గాయ్, బైల్, సాండ్ అని చెప్పి, పెయ్యకు బఛియా, కోడెకు బఛ్డా అన్నాడు. అంతటితో ఆగలేదు. "మా మాటలో పశువులకే కాదక్కా, సామానుకు గూడా ఆడా మొగా ఉండాది. కుర్సీ ఆడది, పలంగ్ మొగది" అన్నాడు. నేను కూర్చున్న కుర్చీలోంచి లేచి దానికి దండం పెట్టాను. వాడు ఒకటే నవ్వు.

ఇక ఆ ఏడో గడి. ఆ మాట నాకు తెలుసు. నీకూ తెలుసు. మన అమ్మ నోట నీ చెవిన పడి ఉంటుంది, మరిచావేమో. తెలిసిన మాటను నన్నే ఎందుకు అడిగావో అర్థం కాలేదు. అందులోనూ అన్నం దగ్గర, నా బిడ్డ వింటుండగా, వారం రోజులు. అడగమన్నది నీ హెడ్మాస్టరేనా, ఇంట్లో ఇంకెవరైనానా? సూటిగా రాయి. లూదియా ఎందుకు చిక్కిందో కూడా రాయి.

అక్క


నంద్యాల,
2 అక్టోబర్ 1977

అక్కా, వందనాలు.

మూడు నెలలు ఉత్తరం రాయలేదని కోపగించుకోవద్దు. పరీక్షలు, పేపర్లు. అట్ట తయారైంది. నీ మాటలు ఎర్ర సిరాతో రాశాను. జాతికి ఆడదాని పేరు నిలిచిందన్న నీ మాట తరగతిలో చెబితే ఆడపిల్లలందరూ చప్పట్లు కొట్టారు. కన్నడంలో ఆవు హసు, ఎద్దు ఎత్తు, ఎనుము ఎమ్మె. చూశావా, ఎంత దగ్గరో. ఇంగ్లీషులో ఇంకో తమాషా: పుస్తకంలో ఆవును 'ఇట్' అని రాస్తారు గానీ, ఆవును సాకినవాళ్లు 'షీ' అనే అంటారట. మనకు ఆ బాధ లేదు. ఆవు వచ్చింది, అక్క వచ్చింది, బస్సు వచ్చింది. ముగ్గురికీ ఒకటే మర్యాద.

ఏడో గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. నువ్వేమో ఎవరు అడగమన్నారని దబాయించావు. ఎవరు అడగమంటారు? నా పిచ్చి నాది.

చుక్క సంగతి రాస్తాను. ఇక్కడ పట్నంలో దానికి మేతా లేదు, నడకా లేదు. ఒకే గుంజ దగ్గర నిలబడి నిలబడి కళ్లు వాల్చేస్తోంది. పశువుల డాక్టరు రెండుసార్లు చూసి పెదవి విరిచాడు. మరియమ్మ, "మేపినన్ని దినాలు మేపినాం, ఇంగ ఈ గొడ్డును వదినె చేతికి తోలడమే మేలు" అంటోంది. నాకూ అదే మంచిదనిపించింది. నీ చెయ్యి పడితే చచ్చే దూడ లేచి నిలబడడం నేను చిన్నప్పుడు చూశాను. దసరా సెలవులకు ఇక్కడ గొడ్లు తోలే ఓబయ్య చేత తోలిస్తున్నాం. లూదియా బస్సులో వస్తుంది. చుక్క కొత్తచోట మేత ముట్టదు, లూదియా పక్కన ఉంటేనే తింటుంది. పది రోజులు ఉండి రానీ.

నీకు ఇంకో సంతోషం కూడా పంపుతున్నాను. ఏమిటో రాయను. చుక్క నీ వాకిట్లోకి రాగానే నీకే కనిపిస్తుంది.

నీ తమ్ముడు,
నతానియేలు


ఆళ్లగడ్డ,
19 అక్టోబర్ 1977

నతానియేలుకు,

నువ్వు పంపినవి అందాయి. ఆవు అందింది. బిడ్డ అందింది. పెళ్లినాటి ఇనుప పెట్టె అందింది. నువ్వు సంతోషమని రాసింది కూడా అందింది.

నీ ఏడో గడికి మాట కావాలని రెండు ఉత్తరాల్లో అడిగావు. రాసుకో. గొడ్డావు. మనుషులకైతే గొడ్రాలు. ఎర్ర సిరాతోనే రాయి.

సువార్తమ్మ


నంద్యాల,
6 నవంబర్ 1977

అక్కా, వందనాలు.

నీ ఉత్తరం చిన్నదైనా పని తీరింది. మాట పంపినందుకు చాలా సంతోషం. రెండోది మనుషుల మాట కాబట్టి అట్టకు అవసరం లేదు, మొదటిదొక్కటే రాస్తాను. పెన్సిలుతో రాసి పెట్టాను, సిరా ఇంకా పెట్టలేదు. గొడ్ల పనుల్లో ఉండి తొందరగా రాశావని, నీకు చుక్కను సాకడం భారమైందేమోనని మరియమ్మ అంటోంది. దాని మేతకు చిట్టు, గానుగ చెక్క ఇక్కడినుంచి పంపమంటే పంపుతాను. దానికోసం మొహమాటపడవద్దు.

పది రోజులన్నాం, నెల కావస్తోంది. లూదియా ఎప్పుడు వస్తుంది? నేను రాసిన రెండు కార్డులకూ అది జవాబు రాయలేదు. ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు. మరియమ్మ ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక చారు రెండుసార్లు చప్పగా పెట్టింది. నాకు బడికి పోయేముందు చొక్కా బొత్తాలు చూసేవాళ్లు లేరు. జకరయ్య శనివారం వచ్చి, ఖాళీ కొట్టంలో కూర్చుని గోడ చూసి, ఆదివారమే డోన్‌కు పోయాడు. "ఎందుకురా ఒకరోజు ముందే పోతాండావ్?" అంటే, "ఈడ ఎవరుండారని ఉండాల?" అన్నాడు. అమ్మానాన్నలం ఇద్దరం ఎదురుగా కూర్చుని ఉన్నాం.

ఇంకొక మాట. పది రోజులకు అంత పెద్ద పెట్టె ఎందుకో మాకు అర్థం కాలేదు. చిన్న సంచి సర్దుకున్నదల్లా, ఓబయ్య వచ్చి చుక్క మెడలో తాడు మార్చగానే లోపలికి పోయి పెట్టె దించింది. అడిగితే, "ఉండనీలే అత్తా" అన్నదట.

పెళ్లినాడు చుక్కతో వచ్చిన, బావ పేనిన తాడు చూసి నీకు కన్నీళ్లు వచ్చి ఉంటాయి. ఐదేళ్లుగా దాన్ని వాడకుండా, ఎలుకలు కొట్టకుండా, మరియమ్మ అటకమీద గుడ్డలో చుట్టి పెట్టింది. చుక్క పుట్టింటికి పోతోంది కదా, బావ చేతి తాడుతో పోతే నీకు బాగుంటుందని నాకే తోచింది. చెప్పకుండా పంపి నిన్ను ఆశ్చర్యపరచాలనుకున్నాను.

నీ తమ్ముడు,
నతానియేలు


ఆళ్లగడ్డ,
12 నవంబర్ 1977

ఒరే నతానియేలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారికి నా తమ్ముడు ఇంత చదువుకున్న వెర్రివాడా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం నిజమైతే బాగుండునని ఇది రాస్తున్నాను. కాకపోతే ఇదే నా చివరి ఉత్తరం.

బోర్డింగుకు పోయినవాడివి, నీకు ఎవరూ చెప్పలేదేమో. విను. ఆవును అమ్మితే పలుపు అమ్మినవాడిదే. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని, తన చేత్తో కట్టుకుని తోలుకుపోతాడు. బిడ్డకు ఇచ్చేటప్పుడు మాత్రం మన తాడుతోనే ఇస్తాం. ఆ పలుపు మళ్లీ పుట్టింటి వాకిలి తొక్కకూడదు. ఆవు మేతకు రావచ్చు, మందుకు రావచ్చు, వేరే తాడుతో వస్తుంది. ఇచ్చిన పలుపుతోనే తిరిగి వచ్చిందంటే ఇచ్చినది వద్దన్నారని అర్థం. ఆవునూ, ఆవుతో వచ్చినదాన్నీ. ఇక్కడ గొడ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇది తెలుసు. ఖాదర్ బాషా కూడా ఆ తాడు చూసి, సలాం కూడా చేయకుండా తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ తాడులో ఎర్ర పేలిక చూశావా? లూదియా చిన్నప్పటి పావడ అది. మీ బావ పెళ్లికి ముందు మూడు రోజులు కూర్చుని, ఆ పేలికను జనపనారలో కలిపి పేనాడు. ఆ తర్వాత ఏడాదికే పోయాడు. నీ ఇంటి వాకిట్లో ఓబయ్య దాన్ని చుక్క మెడకు కట్టడం నా బిడ్డ కళ్లారా చూసింది. అది గొడ్ల ఇంట్లో పుట్టింది, దానికి ఒకరు చెప్పాలా? అందుకే సంచి వదిలి పెట్టె దించింది. నువ్వు రాసిన కార్డులు కూడా అది చదవలేదు. చదివితే అందులో ఏముంటుందోనని భయం. దిండుకింద పెట్టుకుంది.

ఇప్పుడు వరసగా నువ్వు రాసినవి చూసుకో. ఈననిదాన్ని ఏమంటారని నా బిడ్డ ముందు వారం రోజులు అడిగావు. 'ఈ గొడ్డును తోలడమే మేలు' అన్న నీ భార్య మాట నాకే రాశావు. ఆవునూ బిడ్డనూ ఒకే ఊపిరిలో పంపావు. పలుపు తిప్పి పంపి, పైగా నీకు సంతోషమన్నావు. నేనేమనుకోవాలి?

మరియమ్మకు ఒకటి చెప్పు. దానికి పెళ్లయిన ఏడేళ్లకు జకరయ్య పుట్టాడు. ఆ ఏడేళ్లూ మన అమ్మ ఆ మాట అనబోయినప్పుడల్లా నేను అడ్డం పడ్డాను. ఒకసారి అమ్మతో నెలరోజులు మాట్లాడలేదు కూడా. అదేమీ తిరిగి ఇవ్వమని అడగడం లేదు. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అది ఎలా మరిచిపోయిందో అడుగు.

లూదియా తింటోంది, పని చేస్తోంది, నవ్వడం లేదు. నాకు కావలసింది ఒక్కటే. అది మీ ఇంటి మనిషో కాదో చెప్పు. పిల్లలు పుట్టినా పుట్టకపోయినా. అవునో కాదో రాయి, మధ్యలో గుర్రాలూ బాతులూ వద్దు.

సువార్తమ్మ


నంద్యాల,
20 నవంబర్ 1977

అక్కా,

అవును. మా ఇంటి మనిషే. పుట్టినా, పుట్టకపోయినా.

ఇది పైన రాసేసి అప్పుడు మిగతాది రాస్తున్నాను. నీ ఉత్తరం బడిలో అందింది. పాఠం మధ్యలో ఆపి ఇంటికి వచ్చేశాను. మరియమ్మకు చదివి వినిపించాను. పలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె అటకకేసి చూసింది. "ఎలకలు కొడతాయని గుడ్డలో చుట్టి దాచింటినే, నా చేతులారా తీసిస్తినే" అని నెత్తి కొట్టుకుంది. ఆమె పుట్టింటిది బట్టల మగ్గం, గొడ్లు కాదు. ఆమెకూ తెలియదు. ఆమె గొడ్డు అన్నది చుక్కను, ఏ పశువునైనా మనం గొడ్డు అన్నట్టే. గుమ్మం అవతల లూదియా ఉందని చూసుకోలేదు. నువ్వు అమ్మకు అడ్డం పడిన సంగతి ఆమె ఒక్కరోజు కూడా మరవలేదు, అక్కా. పెళ్లి చూపులకు వేరే సంబంధాలు వచ్చినప్పుడు, 'వదినె బిడ్డ తప్ప నాకు కోడలు లేదు' అని పట్టుబట్టింది ఆమె.

తప్పంతా నాది. నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చుని, ఆ ఒక్క మాటకోసం పేజీలు తిప్పాను. ఇంగ్లీషులో అది దొరికింది. బీడు పడ్డ నేలకూ, ఆవుకూ, మనిషికీ ఒకటే మాట వాడారు. అది చదివి కూడా నాకు ఎదురుగా అన్నం తింటున్న పిల్ల గుర్తురాలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, నా ఇంట్లో ఒక పిల్ల ఐదేళ్లుగా దేనికి భయపడుతోందో తెలుసుకోలేకపోయాను. అది చిక్కిందని నేనే నీకు రాశాను, ఎందుకో అడగలేదు. సిగ్గుగా ఉంది.

జకరయ్యకు కబురు పంపితే సెలవు పెట్టి వచ్చాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. సాయంత్రం అమ్మతో, "నాయన అడుగుతాంటే నేనన్నా నోరు తెరవాల్సింది. మజ్జిగ తాక్కుంటా కూచుంటి" అన్నాడట. లూదియాకు వాడు విడిగా రాశాడు. ఆ కార్డును మాత్రం దిండుకింద పెట్టనివ్వవద్దు, నువ్వే తెరిచి దాని చేతిలో పెట్టు.

కావలసినవాడు తన తాడు తెచ్చుకుని తోలుకుపోతాడన్నావు. కాబట్టి నేను తాడు పేనుతున్నాను. యాభై రెండేళ్లు వచ్చాయి, మొదటిసారి జనపనార ముట్టుకున్నాను. ఓబయ్య నేర్పుతున్నాడు. మూడు మూరలు అయింది. అరచేతుల్లో చర్మం పోయింది. అక్కడక్కడా పాము మింగిన కప్పలా ఉబ్బి ఉంది, అయినా తాడే. పేలిక కోసం మరియమ్మ తన పెళ్లి చీర అంచు చించి ఇచ్చింది. డిసెంబర్ మొదటి శనివారం ఆ తాడు పట్టుకుని నీ వాకిట్లో నిలబడతాను. చుక్క చూలు కట్టిందా లేదా అని నువ్వు చెప్పవద్దు, నేను అడగను. అది ఈనకపోయినా మా కొట్టంలో ఆవే.

రానిస్తావా?

నతానియేలు


ఆళ్లగడ్డ,
24 నవంబర్ 1977

తమ్ముడికి అక్క దీవెనలు.

కార్డే ఉంది, ఇందులోనే ఇరికిస్తాను. రా. నార నానబెట్టి పేను, పొడినార పేనితే నిలవదు. లూదియా నీ కార్డులు రెండూ ఈరోజు తెరిచింది. జకరయ్యది నా చేతిలోంచి లాక్కుని కొట్టంలోకి పోయి చదువుకుంది. చుక్కకు మేత వేయడానికి పోయానని అన్నది, చుక్క అప్పటికే మేసి పడుకుంది.

మరియమ్మకు చీరలు చించవద్దని చెప్పు. ఆ శనివారం నాటుకోడి కోస్తాను. పుంజా పెట్టా అని అడిగావంటే నీకు పెట్టను.

అక్క


నంద్యాల,
8 డిసెంబర్ 1977

అక్కా, వందనాలు.

అందరం క్షేమంగా చేరాం. మరియమ్మ వీధిలోకి ఎదురొచ్చి లూదియాను పట్టుకుని ఏడ్చింది, తర్వాత ఇద్దరూ కలిసి ఉప్పు డబ్బా వెతికారు. బస్సుమీద వేసి పంపిన పెట్టెను జకరయ్య మోసుకొచ్చి లోపల పెట్టి, దాని గొళ్లేనికి ఉన్న తాళం తీసి ఎక్కడో విసిరేశాడు. ఇప్పుడు ఆ పెట్టెకు తాళం లేదు.

అట్ట సంగతి కూడా రాస్తాను. ఏడో వరస మొత్తం కత్తెరతో కత్తిరించేశాను. పొడుగ్గా ఒక ముక్క పోయి అట్ట ఒకవైపు వంకరైంది. ఎందుకు కత్తిరించారని హెడ్మాస్టరు గారు అడిగారు. ఆడకుక్క గడి మీరెందుకు వదలమన్నారో అందుకే అన్నాను. ఆయన అట్ట తిప్పి చూసి, వంకరగానే తగిలించమన్నారు.

నువ్వు వాకిట్లోంచి చూసినదాకా నీకు తెలుసు. బస్సులో పోదామంటే లూదియా వినలేదు, చుక్కతో నడిచే వస్తానంది. దాన్ని వదిలి నేను బస్సెక్కగలనా? ఓబయ్య ముందు, మేమిద్దరం వెనక, గొడుగేసుకుని బయలుదేరాం. ఇప్పుడు నా రెండు పాదాలూ బొబ్బలే, బడికి చెప్పుల్లేకుండా పోతున్నాను.

ఊరు దాటాక దారిలో నేను లూదియాను క్షమించమని అడిగాను. అది ముందుకు పోయి చుక్క వీపు నిమిరింది. తర్వాత అంది: "అన్నం కాడ ఏమంటారని అడిగితివి గదా మామా, నాకు తెలుసు ఆ మాట. మన వీధిలోనే రెండుసార్లు విన్యా. మీ ఇంట్లో మాత్రం ఎవురూ అనలేదు. నువ్వు అడిగినప్పుడు, ఈ ఇంట్లో గూడా వచ్చిందే అనుకుంటి." అక్కా, నేను గొడుగు దాని చేతికిచ్చి ఎండలో నడిచాను.

శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ చింతచెట్టు కింద ఆగి నీళ్లు తాగుతుంటే నా తాడు సంగతి బయటపడింది. నీ కార్డు రాకముందే నానబెట్టకుండా పేనిన తాడంతా, నువ్వు చెప్పినట్టే, పురి విడిపోయి, పీచుపీచుగా నా చేతిలో మిగిలింది. మెడ దగ్గర మరియమ్మ చీర పేలిక ఒక్కటే నిలిచింది. ఓబయ్య నవ్వాపుకోలేక, "సారూ, ఇది తాడు గాదు, తలవెంట్రుకలు" అన్నాడు. నేను కంగారుపడి ఊళ్లో ఎక్కడైనా తాడు దొరుకుతుందేమోనని లేచాను.

లూదియా అప్పటికే నడవడం మొదలుపెట్టింది. చుక్క కూడా లేచి దాని వెనకే పోతోంది. నేను పరుగెత్తి, "అమ్మీ, ఆగు, తాడు తెస్తా" అన్నాను. అది తిరిగి చూసి నవ్వింది. ఎన్ని నెలలకు నవ్విందో నీకే తెలుసు.

"ఎందుకు మామా, అదే వస్తాంది గదా."

ఆ రాత్రికి దారిలో ఒక పాస్టరు గారింట్లో ఆగి, మర్నాడు నంద్యాల దాకా అలాగే వచ్చాం. బజారులో బస్సులు హారన్లు మోగించినా చుక్క బెదరలేదు. ఇంటికి వచ్చాక లూదియా దాన్ని గుంజకు కట్టలేదు, కొట్టం తలుపు తెరిచి పెట్టింది.

నీ తమ్ముడు,
నతానియేలు